శుభం కార్డు వెనకాల అతికించిన సముద్రం

2023 మే నెల. గరివిడిలో నేను ముప్పై ఏళ్ళు పనిచేసిన సినిమా హాలు మూతబడి అప్పటికి పదకొండేళ్ళు. తెర మిగిలింది, కుర్చీలు పోయాయి. పైకప్పు రేకుల్లో చిల్లులు పడి, పగలు హాలు నేలంతా రూపాయి బిళ్ళలంత ఎండ ముక్కలు. నేను అందులో ఆపరేటర్ని. ఇప్పటి పిల్లలకి ఆపరేటర్ అంటే సెల్ ఫోన్ కంపెనీ కాబట్టి చెబుతున్నాను. హాలు వెనకాల పై గదిలో, క్యాబిన్‌లో, ప్రొజెక్టర్ తిప్పేవాడు. సినిమా బాగుంటే హీరోకి ఈలలు, బొమ్మ ఆగిపోతే వాడికి తిట్లు. మా అమ్మ పేరు తెలియనివాడు కూడా నన్ను తిట్టడానికి ఆవిణ్ణి వాడుకున్నాడు.

చదువు గురించి అడక్కండి. ఏడో తరగతి పరీక్షకీ మ్యాట్నీకీ ఒకే టైం పడింది. నేను మ్యాట్నీకి వెళ్ళాను.

ఓనరుగారు హాలుని కల్యాణమండపం చేస్తున్నారు. శుక్రవారం పాత ఇనుము లారీ వచ్చి మెషిన్లు ఎత్తుకుపోతుంది, ఈలోపు క్యాబిన్ ఖాళీ చెయ్యమని కబురు పెట్టారు. నాకు తోడు సత్తిబాబు. ఒకప్పుడు మా గేట్ కీపరు, సొంత బావమరిదిని కూడా టికెట్ లేకుండా వదలనివాడు. సోమవారం ఇద్దరం అటక దులుపుతుంటే ఒక రేకు బాక్సు దొరికింది. అందులో పద్నాలుగు రీళ్ళు, ఒక పూర్తి సినిమా.

ఇది జరగకూడనిది. ఆట అయిపోయాక ప్రింటు డిస్ట్రిబ్యూటర్ ఆఫీసుకి తిరిగి పోవాలి. హక్కులు అయిపోయాక అక్కడ గొడ్డలితో నరికేస్తారు. ఈ సినిమాని మాత్రం తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. దాన్ని పంపిన ఆఫీసు మా హాలు కంటే ముందే మూతబడింది. సినిమా పేరు చెప్పను. అందులో నటించినవాళ్ళే మరిచిపోవడానికి కష్టపడిన సినిమా అది. ఎనభైల మొదట్లో మా దగ్గర తొమ్మిది రోజులు ఆడింది, అందులో రెండు రోజులు వాన.

సత్తిబాబుకి ఒక విషయం తెలిస్తే మైకులో చెప్పినట్టే. మంగళవారం సంతలో ఎండు రొయ్యలు బేరమాడుతూ ఆ పేరు నోరు జారాడు. రొయ్యలు కొలుస్తున్న మనిషి చెయ్యి ఆగిపోయిందట. ఆమె పేరు గౌరి, కళింగపట్నం మనిషి, నలభై దాటిన వయసు. ఊరూరా సంతలకి ఎండు చేపలు తెచ్చి అమ్ముతుంది. "ఆ సినిమాలో మా అయ్య ఉన్నాడంట" అని, రొయ్యల మీద ఒక దోసెడు ఎక్కువ వేసి, అడ్రసు అడిగింది. ఆ దోసెడు రొయ్యలూ సత్తిబాబు ఒక్కడే తిన్నాడు, అది వేరే సంగతి.

బుధవారం పొద్దున్నే తల్లీకూతుళ్ళు బస్సు దిగారు. తల్లి నూకమ్మకి అరవై అయిదు దాటి ఉంటాయి. కూతురి భుజం పట్టుకుని నడుస్తోంది, తలని కొంచెం పక్కకి తిప్పి, కోడి చూసినట్టు చూస్తోంది. కళ్ళకి నీటికాసుల జబ్బు. కుడి కన్ను ఎప్పుడో పోయింది. ఎడమ కన్ను చుట్టూ కమ్ముకుంటూ వస్తోంది, మహా అయితే వానాకాలం వరకు అని శ్రీకాకుళంలో డాక్టరు చెప్పాడట.

కూర్చోబెట్టి టీ ఇచ్చాను. ఆమె తన కథ చెప్పింది.

ఆమె పెళ్ళయిన కొత్తలో వంశధార సముద్రంలో కలిసే చోటికి సినిమావాళ్ళు వచ్చారు. హీరో తుఫానులో నావ వేసుకుని వెళ్ళాలి. హీరోకి నీళ్ళంటే భయం. అందుకని ఒడ్డునే ఇసకలో నావ పెట్టి అందులో కూర్చోబెట్టారు. నలుగురు మగవాళ్ళు నావని ఊపడం, ఆడవాళ్ళు కుండలతో ఆయన మొహాన నీళ్ళు కొట్టడం.

"నానే ఎక్కువ కొట్టినాను," అంది నూకమ్మ, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని. "ఆ బావు మొకం మెత్తగా ఉన్నాది. కొట్టబుద్దేసింది."

అసలు సముద్రంలోకి వెళ్ళింది ఆమె భర్త అప్పన్న. హీరో చొక్కా తొడిగి, నెత్తిన విగ్గు పెట్టి, ఒడ్డు మీంచి కెమెరా తిప్పారు. సినిమాల్లో అలాంటివాణ్ణి డూపు అంటారు. డూపుకి ఒకటే రూలు, మొహం కనబడకూడదు. అప్పన్నకీ అదే చెప్పారు, వెనక్కి తిరగొద్దని. కానీ అలలు విరిగే గీత దాటే ముందు ఒక్కసారి వెనక్కి తిరిగి ఒడ్డున ఉన్న పెళ్ళాన్ని చూసుకోవడం అతనికి అలవాటు. రోజూ అంతే. ఆ రోజూ తిరిగాడు. డైరెక్టరు ఒడ్డున ఎగిరెగిరి తిట్టాడట. మళ్ళీ తీద్దామంటే అలకి విగ్గు కొట్టుకుపోయింది, ఇంకో విగ్గు లేదు.

ఆ ఏడాదే కార్తీకంలో వేటకి వెళ్ళిన అప్పన్న తిరిగి రాలేదు. నావ కూడా దొరకలేదు. అప్పటికి గౌరి కడుపులో ఉంది. అతని ఫొటో ఒక్కటీ లేదు.

నాకు అబద్ధం చెప్పడం చేతకాదు, చెప్పినా సత్తిబాబు నిలవనివ్వడు. అందుకే ఉన్నది చెప్పాను. "అప్పా, డూపు మొహం పడిన ముక్కని తీసేసేవాణ్ణి ఎడిటర్ అంటారు. అతను ఉన్నదే అందుకు. సినిమాలో ఆయన వీపే ఉంటుంది. ఆశ పెట్టుకోకు."

"తిరిగినాడు బావూ. నన్నే సూసినాడు," అందామె.

నేను తల గోక్కున్నాను. గౌరి నన్ను గుమ్మం దాకా తీసుకెళ్ళి గొంతు తగ్గించింది. తల్లిని నేను అప్పా, అంటే అక్కా, అన్నాను కాబట్టి అప్పటికే నన్ను మావని చేసేసింది. "మావా, ఆ సినిమాలో నావల మీద ఎంతమందుంటారో నాకేటి తెలుసు. అదిగో ఆడే మీ అయ్య అని సెప్పాలంటే మా అమ్మొక్కతే సెప్పాల. దానికి కళ్ళు పోతే సెప్పీవోలు భూమ్మీద ఇంకెవులూ నేరు."

ఇంక జోకులు పక్కన పెట్టి బాక్సు మూత తీశాను.

ఘాటు కొట్టింది. పాత ఫిల్ము కుళ్ళితే నూడిల్స్ బండి దగ్గర సీసాలో ఉండే వెనిగర్ వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిందంటే ఫిల్ము కుంచించుకుపోతోందని, అప్పడంలా విరుగుతుందని అర్థం. రీళ్ళు చుట్టే బల్ల మీద ట్యూబులైటు పెట్టి, మెషిన్ జోలికి పోకుండా, చేత్తో ఒక్కో రీలూ తిప్పుతూ చూశాను. రంగులన్నీ పోయి బొమ్మంతా ఎర్రగా మిగిలింది. నావ సీను తొమ్మిదో రీల్లో ఉండాలి. ఒడ్డున హీరోయిన్ ఏడవడం దొరికింది. తుఫాను మేఘాలు దొరికాయి. తర్వాత బొమ్మలోనే హీరో ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. సముద్రం లేదు.

మేఘాలకీ ఆసుపత్రికీ మధ్య ఒక జాయింటు ఉంది. తెగిన ఫిల్మును గీకి, సిమెంటు అనే మందు రాసి అతికిస్తాం, దాన్నే జాయింటు అంటాం. సంతకం ఎలాగో జాయింటూ అంతే, ఎవడిది వాడికి తెలుస్తుంది. నాది ఎడమచేతి వాటం. గీకిన గీతలు కింది నుంచి పైకి ఏటవాలుగా పోతాయి. భూతద్దం పెట్టి చూశాను. ఏటవాలుగా ఉన్నాయి.

"ఏటైంది మావా?" అంది గౌరి.

చెప్పక తప్పలేదు. మా ఊళ్ళో ఫ్యాక్టరీ ఉంది. రాత్రి షిఫ్టుకి వెళ్ళేవాళ్ళు ఫస్ట్ షో చూసి, అట్నుంచి అటే డ్యూటీకి పోయేవారు. తొమ్మిదీ ముప్పావుకి సైరన్. సినిమా అప్పటికి అవ్వకపోతే సగం హాలు లేచిపోతుంది. మర్నాడు టికెట్ల కిటికీ దగ్గర, విలన్ చచ్చాడో లేదో చెప్పమని గొడవ. అందుకని సినిమా పొడుగైతే మా ఓనరుగారి నాన్నగారు క్యాబిన్‌కి వచ్చి ఎన్ని నిమిషాలు తియ్యాలో చెప్పేవారు. ఏ ముక్క తియ్యాలన్నది మా ఇష్టం. డైలాగు లేనిది, కథకి అక్కర్లేనిది చూసి కోసేవాళ్ళం. ఆ సినిమాకి ఎనిమిది నిమిషాలు తియ్యమన్నారు. నేను కొత్తగా చేరాను, పంతొమ్మిదేళ్ళు, చేతిలో కత్తెర ఉంది. ఒక కామెడీ ముక్క, ఒక పాట, ఎవడో వెనక నుంచి నావ నడుపుతున్న నిమిషంన్నర సముద్రం కోసేశాను.

గౌరి నా వేళ్ళకేసి చూసింది. "అయితే మా అయ్యని కత్తిరించినోడివి నువ్వేనన్నమాట."

నేను భూతద్దం బల్ల మీద బోర్లించాను. సత్తిబాబు ఎవరూ చెప్పకుండానే చీపురు అందుకున్నాడు. చరిత్రలో అదే మొదటిసారి.

నూకమ్మ ఒక్కతే మామూలుగా ఉంది. "కోసీసి ఏటి సేసినావు బావూ? పారీసినావా?"

ఆ ప్రశ్నకి నా బుర్ర పనిచెయ్యడం మొదలెట్టింది. పారేయకూడదు. అది మా పనిలో పెద్ద నియమం. కోసిన ముక్కల్ని వరసగా అతికించి ఆఖరి రీలు చివర, శుభం కార్డు తర్వాత కట్టి ఉంచాలి. శుభం పడగానే లైటు ఆపేస్తాం కాబట్టి అవి తెర మీద పడవు. బాక్సు తిరిగి పోయే రోజున మళ్ళీ ఎక్కడివి అక్కడ పెట్టేయాలి. ఈ బాక్సు తిరిగి పోలేదు. నేను పెట్టలేదు. మరిచిపోయాను.

పద్నాలుగో రీలు బయటికి లాగాను. ఆఖరి రీలు ఎప్పుడూ సన్నగా ఉంటుంది. ఇది కడుపుతో ఉన్నదానిలా ఉంది. ముక్కలు అందులో ఉన్నాయి. కానీ రీలు తిరగచుట్టకుండానే పెట్టేశారు, అంటే నేనే పెట్టేశాను. చివరి భాగం పై పొరల్లో ఉండిపోయింది. నలభై ఏళ్ళ చెమ్మ, వేడి ముందు తగిలింది దానికే. అన్నిటికంటే పైన ఉన్నది సముద్రం.

ఆ మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా ఆ పొరలు విప్పాను. ఒకదానికొకటి అతుక్కుపోయాయి. గట్టిగా లాగితే బొమ్మ మీది రంగు పొర లేచి పక్క పొరకి అంటుకుంటుంది. దూదితో ఆవిరి పట్టడం, గోరు దూర్చడం, ఒక జానెడు విప్పడం, ఊపిరి పీల్చడం. మొదటి పది అడుగులూ పూర్తిగా పోయాయి. తర్వాత హీరో మొహం మీద నీళ్ళు పడుతున్న ముక్క వచ్చింది. నావ కింద ఇసక, మూలన ఎవరిదో కుండ అంచు కూడా కనబడుతోంది. గౌరి అది తల్లికి చెబితే, "నాదే ఆ కుండ" అంది నూకమ్మ గర్వంగా.

ఆ తర్వాత ఒడ్డు మీంచి తీసిన షాటు. పన్నెండు అడుగులు. తెర మీద ఎనిమిది సెకన్లు. నావ వెళుతోంది, మనిషి వీపు, అల లేస్తోంది. భూతద్దం కింద ఒక్కో బొమ్మా జరుపుకుంటూ పోయాను. వీపు, వీపు, వీపు. నూట పదో బొమ్మ దగ్గర భుజం కదిలింది. తర్వాతి దాన్లో చెంప. తర్వాత మొహం. ఇరవై బొమ్మల పాటు పూర్తి మొహం, తర్వాత మళ్ళీ వీపు. ఎడిటర్‌కి ఇంకో షాటు లేక ఉంచేసినట్టున్నాడు. హాల్లో ఎవరూ పట్టుకోలేరు, సెకను కూడా ఉండదు.

ఆవగింజంత మొహం. గౌరి ఫోనుతో భూతద్దం మీంచి ఫొటో తీసి, పెద్దది చేసి తల్లి ఎడమ కన్ను దగ్గర పెట్టింది. నూకమ్మ అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"ఎర్రగా ఏదో ఉన్నాది. మనిసో, మందార పువ్వో తెలీదు. కదిలితే తెలుస్తాది నాకు. ఆడి కదలికి నాకు తెలుసు."

ఇక్కడ నా భయం చెబుతాను. తెర మీద వేస్తే మొహం నిలువెత్తు పడుతుంది, కదులుతుంది, ఆ కన్నుకి అందుతుంది. కానీ ఒక్కసారి వేస్తే సెకను లోపు. ఆమె తల తిప్పుకునేలోపు అయిపోతుంది. బొమ్మని ఆపి చూపించలేం. మా మెషిన్ వెలుతురు బల్బుది కాదు, ఆర్కుది. రెండు కార్బన్ కడ్డీల మధ్య మండే నిప్పు. ఫిల్ము పరిగెడుతున్నంత సేపే ఆ వేడిని తట్టుకుంటుంది. ఒక్క క్షణం ఆగితే ఆ బొమ్మ కాలిపోతుంది. ఒకటే దారి, రింగు. ముక్క మొదలునీ చివరనీ కలిపి గాజులా చేస్తే మెషిన్‌లో అది తిరుగుతూనే ఉంటుంది, ఎనిమిది సెకన్లకోసారి ఆ మొహం వస్తూనే ఉంటుంది. లెన్సు సరిచూసుకోవడానికి పనికిరాని ముక్కలతో అలా తిప్పేవాళ్ళం. ఇంత కుళ్ళిన ముక్కతో ఎవరూ తిప్పరు. కుంచించుకుపోయిన ఫిల్ములో అంచు బెజ్జాలు మెషిన్ పళ్ళకి సరిపోవు. ప్రతి చుట్టుకీ కొంచెం కొంచెం చిరుగుతాయి. ఎప్పుడు తెగుతుందో, ఎక్కడ ఇరుక్కుంటుందో, ఏ బొమ్మ కాలుతుందో చెప్పలేం.

ఇదంతా వాళ్ళకి చెప్పాను. మద్రాసులో, హైదరాబాదులో పాత ఫిల్ముని జాగ్రత్తగా ఒక్కో బొమ్మా కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్ళు ఉంటారట, అక్కడికి పంపితే ముక్క దక్కుతుంది, కానీ ఎవర్ని పట్టుకోవాలో నాకు తెలియదు, నెలలు పట్టొచ్చు అన్నాను.

గౌరి నలిగిపోయింది. ఆమెకి ఆ ముక్క దక్కాలి. అందులో తండ్రి ఉన్నాడు. తల్లికి చూపాలి. అదీ ఉంది. "అమ్మా, తెగిపోతే మరింక ఏటీ నేదు" అంది.

నూకమ్మ కూతురి చెయ్యి వెతికి పట్టుకుంది. "ఆడు బతికున్నన్నాళ్ళూ సముద్రంలోకి ఎల్తే, పోతాడని ఇంట్లో దాసుకున్నానేటి నాను? తిప్పమను."

ఆ రాత్రి వాళ్ళు మా ఇంట్లోనే పడుకున్నారు. గురువారం పొద్దున్నే హార్డ్‌వేర్ షాపులో అసిటోన్ కొని, పాత ఫిల్ము ముక్కలు కరగబెట్టి సిమెంటు తయారు చేసుకున్నాను. పన్నెండు అడుగులూ కోసి బయటికి తీసి, బెజ్జాల చిరుగులకి అతుకులు వేసి, రింగు కలిపాను. కార్బన్ కడ్డీలు ఇప్పుడు దొరకవు. డబ్బా అడుగున వాడేసిన మొండేలు ఒక జత ఉంది. నాలుగైదు నిమిషాలు మండితే ఎక్కువ. మండపం పనులకని హాలుకి కరెంటు ముందే తెచ్చారు కాబట్టి, మెషిన్‌కి నూనె పెట్టి మోటారు తిరుగుతోందో లేదో చూసుకున్నాను.

సత్తిబాబు రేకుల చిల్లులకి సిమెంటు గోతాలు అడ్డం కట్టాడు. నూకమ్మని ఎక్కడ కూర్చోబెట్టాలన్నది పెద్ద పని అయింది. కడ్డీలు ఖర్చు చెయ్యకుండా ముందు తెర మీద టార్చిలైటు వేసి, ఆమె తలని ఎటు తిప్పితే తెర అందుతోందో చూసుకుంటూ, కుర్చీని నాలుగు చోట్లకి మార్చాం. చివరికి తెరకి పది అడుగుల దూరంలో, కుడి గోడకి దగ్గరగా కుదిరింది. "పెళ్ళి సూపుల్లో కూడా ఇన్ని తిప్పలు పెట్టనేదు నన్ను" అంది. గౌరి పక్కన నేల మీద కూర్చుంది. తెర మీద మొహం ఎప్పుడొస్తుందో ముందే తెలియాలి కాబట్టి, వచ్చే ముందు క్యాబిన్ గోడ మీద ఒక దెబ్బ కొడతానని చెప్పాను.

రింగు పెద్దది, మెషిన్‌లో పట్టదు. పైకి లేచిన భాగాన్ని బిగువుగా పట్టుకోవడానికి ఒక కర్రకి ప్లాస్టిక్ గొట్టం తొడిగి సత్తిబాబు చేతికిచ్చాను. ఫిల్ము ఆ గొట్టం మీంచి జారుతూ పోతుంది. చెయ్యి వణికితే తెగుతుంది. "నన్ను గేటు కాడే ఉంచాల్సింది" అని సణిగాడు గానీ, ఆ గొట్టాన్ని పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

కడ్డీలు అంటించాను. బుస్సుమని వెలిగింది. ఎడమచెయ్యి షట్టర్ మీద పెట్టాను. వెలుతురుకీ ఫిల్ముకీ మధ్య దించే రేకు అది. ఏదైనా ఇరుక్కుంటే కళ్ళు మూసి తెరిచేలోపు దించాలి. మోటారు వేసి షట్టర్ ఎత్తాను.

ఎర్రటి సముద్రం పడింది. ఎర్ర నావ, ఎర్ర వీపు. గోడ మీద కొట్టాను. మొహం వచ్చింది, పోయింది.

కింద నుంచి నూకమ్మ గొంతు, "ఎక్కడా?"

రెండో చుట్టు. మూడో చుట్టు. ఆమె తల కొంచెం కొంచెం జరుగుతోంది. క్యాబిన్ కిటికీలోంచి నాకు తెర, ఆమె నెత్తి కనబడుతున్నాయి. ప్రతి చుట్టుకీ మెషిన్ చప్పుడు వింటున్నాను. బాగున్న ఫిల్ము చప్పుడు కుట్టుమిషన్‌లా ఒకే తీరుగా ఉంటుంది. ఇది మధ్యలో టక్కుమంటోంది. అంటే ఒక బెజ్జం చిరిగింది. అయిదో చుట్టుకి రెండు టక్కులు.

ఆరో చుట్టులో మొహం పడినప్పుడు నూకమ్మ తల ఆగిపోయింది.

ఏడో చుట్టులో చెయ్యెత్తింది. "అడుగో. అదే గౌరీ, అదే. సెవులు సూడు. నీ సెవులే."

గౌరి లేచి నిలబడింది. ఆమె నీడ తెర కింది అంచుకి పడింది. తల్లి చీర కొంగు లాగి మళ్ళీ కూర్చోబెట్టింది. ఆ తర్వాత నూకమ్మ మాట ఆగలేదు. సొక్కా నీలం రంగుది, ఎర్రది కాదు, నమ్మకు. తెడ్డు ఎడం పక్కకి ఏస్తన్నాడు సూడు, అందరూ కుడి పక్కకి ఏస్తారు. నవ్వు మొకం కాదు, నానెక్కడున్నానో ఎతుకుతన్నాడు. అప్పటికి నువ్వు నా కడుపులో ఉన్నావు, నిన్నూ సూస్తన్నాడు. ఎనిమిది సెకన్లకోసారి అప్పన్న వెనక్కి తిరగడం, ఎనిమిది సెకన్లకోసారి ఆమె కూతురికి ఒక ముక్క అప్పజెప్పడం.

"మావా," అన్నాడు సత్తిబాబు. నన్ను నలభై ఏళ్ళుగా ఒరే అనేవాడు, భయమేస్తే మావా అంటాడు. "అంచు సిరుగుతన్నాది. ఏలంత సిరిగింది."

పదమూడో చుట్టు. ఇక్కడ ఆపితే ముక్క దక్కుతుంది. కిటికీలోంచి అరిచాను, "అప్పా, ఆపీమంటావా? తెగిపోద్దింక."

ఆమె తల తిప్పలేదు. "ఇంకొక్కపాలి. గౌరి మాటాడనేదు ఇంకా."

పద్నాలుగు. పదిహేను. కార్బన్ మొండేలు పొట్టివైపోయి వెలుతురు ఊగుతోంది. కుడిచేత్తో వాటిని దగ్గరికి జరుపుతున్నాను. చెమట కళ్ళల్లోకి పోతోంది, తుడుచుకోవడానికి మూడో చెయ్యి లేదు. పదహారో చుట్టులో అప్పన్న తిరిగినప్పుడు కింద ఒక చిన్న గొంతు వినబడింది. అంత సంతల మనిషి, అరిస్తే మూడు కొట్లకి వినబడే మనిషి, చాలా మెల్లిగా, "అయ్యా" అంది.

పదిహేడో చుట్టులో మొహం దాటింది. నావ అల మీదికి లేచింది. టక టక టకమని, చప్పుడు ఆగిపోయింది. తెర మీద అల నిలిచిపోయింది. దాని మధ్యలో ఒక గోధుమ రంగు మచ్చ పుట్టి, పొంగి, తెల్లగా పగిలింది. నేను షట్టర్ దించాను. రెప్పపాటు ఆలస్యంగా దించాను.

చీకట్లో కాలిన వాసన. సత్తిబాబు గొట్టం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు, దాని మీద ఫిల్ము లేదని తెలియక. నేను మెషిన్‌లో ఫిల్ముని పట్టి ఉంచే గేటు విప్పి చూశాను. మూడు బొమ్మలు కాలాయి. మూడూ ఉత్త అల, మనిషి లేడు. రింగు రెండు చోట్ల తెగింది. మొహం ఉన్న ఇరవై బొమ్మలూ అంచులు చిరిగి, బొమ్మ మాత్రం నిలిచి ఉన్నాయి.

వాటిని కత్తిరించి, కాగితంలో చుట్టి, కిందికి తెచ్చి నూకమ్మ చేతిలో పెట్టాను. మూరకి కొంచెం తక్కువ పొడుగు ముక్క. బహుమతి ఇస్తున్నాననే అనుకున్నాను.

ఆమె వేలితో దాని అంచు తడిమింది. "నాకెందుకిది? నాకు అవుపడదు. దీనికి నాను సూపించీసినాను." కూతుర్ని చూపించింది. "సెల్లులో ఉన్నాది కదా దానికి. ఇంక గుర్తడతాది. నువ్వు మల్లీ కత్తిరించీసినావేటి బావూ, అలవాటు పోనేదా? ఎక్కడ తీసినావో అక్కడెట్టీ. ఆడు నావ మీదే ఉండాల."

గౌరి మొట్టమొదటిసారి నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వులో నిన్నటి మాటకి కొంత మాఫీ ఉన్నట్టు అనిపించింది, పూర్తిగా కాదు.

వాళ్ళని మధ్యాహ్నం బస్సు ఎక్కించి వచ్చి, బల్ల ముందు కూర్చున్నాను. చుట్టూ గోడలకి సున్నం కొట్టేవాళ్ళు నిచ్చెనలు తెస్తున్నారు. ముందు ఇరవై బొమ్మల్ని వాటి చోట అతికించాను. తర్వాత ఆ పన్నెండు అడుగుల్ని సముద్రం సీనులో, ఆ సీనుని తొమ్మిదో రీల్లో, మేఘాలకీ ఆసుపత్రికీ మధ్య. అక్కడితో ఆగొచ్చు, కానీ కామెడీ ముక్క, పాట మిగిలాయి. ఆ పాటలో హీరోయిన్ వెనకాల పన్నెండు మంది అమ్మాయిలు గెంతుతారు. కామెడీలో సోడాబండివాడు ఒకడు నోరు తెరుచుకుని నిలబడతాడు, డైలాగు లేదు. వాళ్ళ ఇళ్ళల్లో ఎవరు ఎవరికి ఏం చెప్పుకుంటున్నారో నాకేం తెలుసు. అవీ వాటి చోట్ల పెట్టాను. ఇంక ఆ ప్రింటుని ఏ మెషినూ తిప్పదని తెలిసే పెట్టాను.

మా పనిలో మంచి ఆపరేటర్లు ఇంకొకటి చేసేవారు. తమ చేతిలో ప్రింటుకి ఏ దెబ్బ తగిలినా రీలు డబ్బా మూత లోపల రాసి పంపేవారు, తర్వాతి ఊళ్ళో ఆపరేటర్‌కి మాట రాకుండా. ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను ఒక్కసారీ రాయలేదు. ఎవడి తల మీదికో పోనిచ్చేవాణ్ణి. డైలాగు లేని మనిషిని అక్కర్లేని మనిషి అనుకున్నానని, అది కత్తెర తప్పు కాదని, నా కంటి తప్పని, ఈ అరవై ఏళ్ళ వయసులో చూపు పోతున్న మనిషి దగ్గర నేర్చుకున్నాను.

సున్నం పనివాడి దగ్గర పెన్సిల్ అడిగి తీసుకున్నాను. తొమ్మిదో రీలు మూత తిప్పి, లోపలి వైపు రాశాను: "ఈ రీల్లో సముద్రం పది అడుగులూ మూడు బొమ్మలూ తక్కువ. పది అడుగులు చెమ్మకి వదిలేసినది, మూడు బొమ్మలు కాల్చినది, ఈ హాలు ఆపరేటరు." కింద నా పేరు రాసి, మూత మూశాను.